ఇంటి వర్క్‌షాపులో లోహపు పొడులు కలిసిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లోనే ఒక మూల గ్రైండర్, వైస్, డ్రిల్లింగ్ మెషీన్ పెట్టుకుని సొంతంగా పనులు చేసుకునేవాళ్ల కోసం ఈ పేజీ. కరెంటు షాకు గురించి, కళ్లద్దాల గురించి చాలామందికి తెలుసు. బల్ల కింద పేరుకునే బూడిదరంగు పొడిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది ఒక్క లోహం పొడి కాదు, నాలుగైదు రకాల పొడి కలిసి పడి ఉంటుంది. ఆ కలయిక ఎందుకు ప్రమాదమో, ఏం చేస్తే తప్పుతుందో ఇక్కడ రాశాను.

నేను లోహపు పొడులేవీ కావాలని కలపను. ఇదంతా నాకెందుకు?

మీరు కలపకపోయినా మీ గ్రైండర్ కలుపుతుంది. ఉదయం పాత గేటుకున్న తుప్పు గీకారు. మధ్యాహ్నం అల్యూమినియం చట్రం అంచులు నున్నగా చేశారు. సాయంత్రం చెక్క పలకను సాండర్‌తో రుద్దారు. మూడూ వేర్వేరు పనులే. కానీ వాటి పొడి చేరేది ఒకే చోటికి: గ్రైండర్ కింద ట్రేలోకి, లేదా వ్యాక్యూమ్ సంచిలోకి, లేదా మూలనున్న చెత్తడబ్బాలోకి. ఆ మర్నాడు ఇనుప చువ్వ కోస్తుంటే లేచిన నిప్పురవ్వలు నేరుగా దాని మీదే పడతాయి.

పని నేర్చుకున్న కొత్తలో నేను గ్రైండర్ ట్రేను నెలల తరబడి దులిపేవాణ్ణి కాదు. ఒకరోజు చువ్వ అరగదీస్తుంటే ట్రేలో తెల్లటి వెలుగు చుర్రుమని లేచి, రెండు క్షణాల్లో ఆరిపోయింది. ట్రే రేకు మీద ఆ చోట నీలిరంగు మచ్చ మిగిలింది. ఏం జరిగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. కొన్నాళ్ల ముందు అదే రాయి మీద అల్యూమినియం అరగదీశానన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. అప్పటినుంచి ఏ పొడి ఎక్కడ పడుతోందో చూసుకోకుండా గ్రైండర్ స్విచ్ వేయలేదు.

ఇనుప ముక్క మండదు కదా, పొడి ఎలా మండుతుంది?

లోహం అదే, గాలికి తగిలే ఉపరితలం మాత్రం పెరిగిపోతుంది. ప్రతి వైపూ 1 సెంటీమీటరు ఉన్న ఘనం తీసుకుంటే దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) ఘనాలుగా పొడి చేస్తే 100 కోట్ల రేణువులు వస్తాయి. వాటి మొత్తం ఉపరితలం 6,000 చదరపు సెంటీమీటర్లు, అంటే వెయ్యి రెట్లు. పెద్ద ముక్కకు ఒక చోట వేడి తగిలితే ఆ వేడి లోపలికి పాకి చెదిరిపోతుంది. రేణువులో పాకడానికి చోటే ఉండదు, కాబట్టి అది వెంటనే ఎర్రబడి మండుతుంది.

గ్రైండర్ నుంచి ఎగిరే నిప్పురవ్వలే ఇందుకు సాక్ష్యం. అవి గాలిలో మండుతున్న ఇనుప రేణువులు. ఇంట్లో పాత్రలు తోమే సన్నటి స్టీల్ ఉన్నిని చిన్న 9 వోల్టుల బ్యాటరీ కొనలకు తాకించినా అంటుకుంటుంది. అందుకే ఆ రెండూ ఒకే డ్రాయర్‌లో ఉండకూడదు.

అల్యూమినియం పొడి, తుప్పు కలిస్తే ఏమవుతుంది?

తుప్పు అంటే ఆక్సిజన్‌ను పట్టుకున్న ఇనుము. అల్యూమినియానికి ఆక్సిజన్ మీద ఇనుముకంటే చాలా ఎక్కువ ఆకర్షణ. తగినంత వేడి తగిలితే తుప్పులోని ఆక్సిజన్‌ను అల్యూమినియం లాగేసుకుంటుంది. ఆ క్రమంలో విపరీతమైన వేడి పుట్టి, ఇనుము కరిగి ద్రవంగా కారుతుంది. దీన్నే థర్మైట్ చర్య అంటారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాన్స్ గోల్డ్‌ష్మిట్ 1895లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. రైలు పట్టాలను అతికించడానికి ఇప్పటికీ ఈ చర్యనే వాడుతున్నారు. ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది, ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు చాలు.

ఇక్కడ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మామూలు మంటకు గాలి కావాలి, గాలి అందకుండా చేస్తే ఆరుతుంది. ఈ చర్యకు గాలితో పని లేదు, ఆక్సిజన్ తుప్పులోనే ఉంది. కప్పినా, ఊపిరాడకుండా చేసినా ఆగదు.

మీ ట్రేలో పడిన పొడి అంతా ఒకేసారి ఇలా మండుతుందని కాదు. మామూలు గ్రైండర్ పొడిలో రాయి ముక్కలు, రంగు పెచ్చులు, మట్టి కూడా కలిసి ఉంటాయి. రేణువులు కూడా చాలావరకు ముతకగా ఉంటాయి. అయినా నాకు జరిగినట్టు ఒక మూల గుప్పెడు మండితే చాలు, పక్కనే నూనె గుడ్డో, చెక్క పొట్టో ఉంటే మిగతా పని అవి పూర్తి చేస్తాయి.

అల్యూమినియం పూత ఉన్న తుప్పు ఇనుమును సుత్తితో కొట్టినా ప్రమాదమేనా?

ప్రమాదమే. తుప్పు పట్టిన ఉక్కు మీద అల్యూమినియం మరకలా అంటి ఉన్నప్పుడు గట్టిగా దెబ్బ తగిలితే, ఆ చిన్న చోటే థర్మైట్ చర్య జరిగి బాగా వేడైన రవ్వ లేస్తుంది. మండే వాయువులు ఉండే బొగ్గు గనుల్లో తేలిక లోహపు (అల్యూమినియం, మెగ్నీషియం లాంటి) పనిముట్ల మీద ఆంక్షలు ఉండడానికి కారణం ఇదే. పెట్రోలు, థిన్నర్ డబ్బాలున్న చోట ఈ పని పెట్టుకోవద్దు.

ఒకే గ్రైండింగ్ రాయి మీద ఉక్కు, అల్యూమినియం రెండూ అరగదీయవచ్చా?

వద్దు. దీనికి రెండు కారణాలున్నాయి.

అల్యూమినియం, రాగి, ఇత్తడి మెత్తటి లోహాలు. అవి రాయిలోని సన్నటి రంధ్రాల్లో నిండి గట్టిపడతాయి. అప్పుడు రాయి కోయదు, రుద్దుతుంది. కోయడం లేదని మనం ఇంకా గట్టిగా అదుముతాం, రాయి వేడెక్కుతుంది. నిమిషానికి దాదాపు 3,000 సార్లు తిరిగే రాయి పగిలితే ముక్కలు తూటాల్లా వస్తాయి.

రెండోది పైన చెప్పిందే. అల్యూమినియం నిండిన రాయి మీద తుప్పు పట్టిన ఇనుము పెడితే, ఆ రెండింటినీ వేడిలో కలిపి రుద్దుతున్నట్టే. అల్యూమినియానికి వేరే బెల్టు, వేరే ఆకురాయి, లేదా ఆ లోహానికే తయారైన చక్రం ఉంచుకోండి. దాని మీద మార్కర్‌తో పెద్దగా రాయండి. చిన్న పనులకు చేతి ఆకురాయే మేలని నా అభిప్రాయం. ఆలస్యమవుతుంది, కానీ పడేది ముతక రజను, గాల్లో తేలేది తక్కువ.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన లోహం ఏది?

ఇంటి వర్క్‌షాపులో అయితే మెగ్నీషియం. టైటానియం, జిర్కోనియం పొడులు కూడా అంతే చురుకైనవి, కానీ అవి ఇళ్లలోకి అంతగా రావు. మెగ్నీషియం మాత్రం మనకు తెలియకుండానే వస్తుంది. చెట్లు కోసే పాత రంపాల ఇంజిన్ కవర్లు, కెమెరా బాడీలు, కొన్ని ల్యాప్‌టాప్ చట్రాలు, కొన్ని వాహనాల చక్రాలు మెగ్నీషియం మిశ్రమాలతో చేస్తారు. చూడ్డానికి అచ్చం అల్యూమినియంలా ఉంటాయి.

అనుమానం వస్తే తూకం చూడండి. వస్తువును గ్రాముల్లో తూచి, గుర్తులున్న పాత్రలోని నీటిలో ముంచి, నీరు ఎన్ని మిల్లీలీటర్లు పైకి లేచిందో చూసి భాగించండి. 2.7 దగ్గర వస్తే అల్యూమినియం, 1.8 దగ్గర వస్తే మెగ్నీషియం మిశ్రమం. లోపల బోలుగా గాలి నిలిచిపోయే వస్తువుకు ఈ లెక్క పనిచేయదు. తేల్చుకోలేకపోతే దాన్ని గ్రైండర్ మీద పెట్టకండి.

పొడి నిజంగా పేలుతుందా? ఇంట్లో అంత పొడి ఉంటుందా?

పొడి పేలాలంటే ఐదు కలవాలి: మండే పొడి, గాలి, అంటించే నిప్పు, పొడి మేఘంలా పైకి లేవడం, చుట్టూ మూసి ఉన్న చోటు. కుప్పగా పడి ఉన్నప్పుడు పొడి నెమ్మదిగా మండుతుంది. అదే పొడి గాలిలోకి లేచాక నిప్పు తగిలితే ఒక్కసారిగా అంటుకుంటుంది.

సన్నటి అల్యూమినియం పొడి ఘనమీటరు గాలిలో కొన్ని పదుల గ్రాములుంటే చాలు. అలాంటి మేఘం కంటికి చాలా దట్టంగా కనిపిస్తుంది, రెండు మీటర్ల అవతల ఉన్న బల్బు కూడా సరిగ్గా కనబడదు. గది మొత్తం అలా నిండే పరిస్థితి ఇంటి వర్క్‌షాపులో రాదు. కానీ మేఘం గదంతా ఉండనక్కర్లేదు. వ్యాక్యూమ్ డబ్బా లోపల, డస్ట్ కలెక్టర్ గొట్టంలో, పొడి డబ్బా మూత తీసి దులిపేటప్పుడు మీ ముఖం ముందు అంత దట్టమైన మేఘం సులువుగా ఏర్పడుతుంది. అక్కడ చిన్నగా భగ్గుమన్నా ఆ ఊపుకు అటకల మీద, దూలాల మీద, ట్యూబ్‌లైటు పైన ఏళ్లుగా పేరుకున్న ధూళి లేస్తుంది. ఫ్యాక్టరీల్లో ఎక్కువమందిని చంపేది ఈ రెండో పేలుడే.

ఇనుప పొడికి అంత శక్తి లేదనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం గాలటిన్‌లో ఇనుప పొడి తయారుచేసే ఒక కర్మాగారంలో 2011లో జనవరి, మార్చి, మే నెలల్లో మూడు ప్రమాదాలు జరిగాయి. మొత్తం ఐదుగురు కార్మికులు చనిపోయారు. మూడోసారి ముందు పేలింది హైడ్రోజన్, ఆ కుదుపుకు పైనుంచి రాలిన ఇనుప పొడి మండింది.

చెక్క పొట్టుకు వాడే వ్యాక్యూమ్‌తోనే లోహపు పొడి కూడా లాగవచ్చా?

నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఎందుకంటే చాలామంది అడగరు, చేసేస్తారు.

గ్రైండర్ రవ్వ ఒకటి గొట్టంలోంచి వెళ్లి పొట్టు సంచిలో పడుతుంది. అక్కడ వెంటనే మంట రాదు, పొగ కూడా కనిపించకపోవచ్చు. నివురుగప్పిన నిప్పులా లోపలే రాజుకుంటుంది. మీరు పని ముగించి, తలుపు వేసి, భోంచేసి పడుకుంటారు. నాలుగైదు గంటల తర్వాత సంచి అంటుకుంటుంది. ఆ పొట్టులో అల్యూమినియం కూడా కలిసి ఉంటే మంట స్వభావమే మారిపోతుంది.

మామూలు వ్యాక్యూమ్ మోటారు లోపల కార్బన్ బ్రష్షుల దగ్గర ఎప్పుడూ చిన్న రవ్వలు వస్తుంటాయి. చాలా మోడళ్లలో లాగిన గాలి ఆ మోటారు పక్కనుంచే పోతుంది. ప్లాస్టిక్ గొట్టంలో పొడి రాసుకుంటూ వెళ్లడం వల్ల స్థిరవిద్యుత్తు కూడా పుడుతుంది. చలికాలం తేమ లేని గాలిలో తలుపు గొళ్లెం ముట్టుకుంటే చురుక్కుమంటుందే, అలాంటి రవ్వ కొన్ని మిల్లీజౌళ్ల శక్తి మోయగలదు. బాగా సన్నటి అల్యూమినియం మేఘాన్ని అంటించడానికి ఆ మాత్రం సరిపోవచ్చు.

కాబట్టి చెక్కకు ఒక వ్యాక్యూమ్, దాన్ని లోహం దగ్గరికి తేకండి. లోహానికి మెత్తటి బ్రష్షు, లోహపు చేట వాడండి. నిమ్మళంగా ఊడ్చండి, పొడి లేవకూడదు. కంప్రెసర్ గాలితో ఊదడం అసలు వద్దు. ఊదితే శుభ్రమైనట్టు కనిపిస్తుంది కానీ పొడి బల్ల మీద నుంచి దూలం మీదకు, అక్కడి నుంచి మీ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

పొడిని నీటితో తడిపేస్తే సమస్య తీరదా?

ఇనుప పొడి వరకైతే తడి గుడ్డతో తుడవడం మంచి పద్ధతే. అల్యూమినియం, మెగ్నీషియం దగ్గర కథ మారిపోతుంది.

అల్యూమినియం మీద ఎప్పుడూ పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, అదే దానికి కవచం. అప్పుడే అరగదీసిన సన్నటి రేణువును ఆ కవచం పూర్తిగా కాపాడలేదు. తేమ తగిలితే నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది, వేడి కూడా పుడుతుంది. 1 గ్రాము అల్యూమినియం పూర్తిగా చర్య జరిపితే సుమారు 1.2 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు హైడ్రోజన్ ఎంత ఉన్నా అంటుకోగలదు. మెగ్నీషియం తురుము, లోహం కోసేటప్పుడు చల్లబరచడానికి వాడే కూలెంట్ నీళ్లలో నానినా ఇదే జరుగుతుంది.

అరకొరగా తడిసిన కుప్ప అన్నిటికన్నా చెడ్డది. నీళ్లు నిండుగా ఉంటే పుట్టిన వేడిని అవి లాగేసుకుంటాయి. కొంచెం తేమ మాత్రమే ఉంటే చర్య జరుగుతూ ఉంటుంది, వేడి బయటికి పోదు. చైనాలోని కున్షాన్‌లో 2014 ఆగస్టు 2న అల్యూమినియం చక్రాలు పాలిష్ చేసే కర్మాగారంలో జరిగింది ఇదే. పొడి పట్టే డబ్బా తుప్పు పట్టి చిల్లుపడింది, లోపలి అల్యూమినియం పొడికి తేమ తగిలి వేడెక్కింది, ఆ వేడికి పొడి మేఘం అంటుకుంది. 146 మంది చనిపోయారు. అంత పెద్ద ప్రమాదానికి మూలం చెమ్మగిల్లిన ఒక పొడి డబ్బా.

ఇంట్లో పాటించాల్సింది సులువే. తేలిక లోహాల పొడికి తడి అసలు తగలకుండా ఉంచండి. తుడిచిన తడి గుడ్డను ఆ పొడితో పాటు డబ్బాలో కుక్కకండి.

పొడి వేసి మూసిన డబ్బా ఉబ్బింది. ఏం చేయాలి?

మూత తెరవకండి, కుదపకండి. లోపల హైడ్రోజన్ ఒత్తిడి పెరిగి ఉండవచ్చు. ఆ దగ్గర స్విచ్చులు వేయడం, తీయడం, గ్రైండింగ్, వెల్డింగ్, పొగ తాగడం అన్నీ ఆపి, తలుపులు తెరిచి, అందరినీ దూరం పంపి అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయండి. ఇలా జరగకుండా ఉండాలంటే పొడి డబ్బాకు గాలి చొరబడని బిగుతు మూత పెట్టకూడదు. పైన ఆనించి ఉంచే లోహపు మూత చాలు.

క్లీనర్లు, ఆమ్లాలు ఒలికితే?

డ్రైనేజీ శుభ్రం చేసే క్షారం అల్యూమినియం మీద పడితే హైడ్రోజన్ బుసబుసా వస్తుంది. ఆమ్లం జింకు మీద పడినా అంతే. గ్రీజు తొలగించే, క్లోరిన్ ఉన్న ద్రవాలు కూడా అల్యూమినియం పొడితో చర్య జరిపి అదుపు తప్పగలవు. ఈ సీసాలు లోహపు పొడి ఉన్న అరలో ఉండకూడదు.

పొడి అంటుకుంటే ఎలా ఆర్పాలి?

ఏ పొడి మండుతోందో మీకు తెలియాలి. పొడులు కలవకూడదని ఇంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. చెక్క పొట్టు మండితే నీళ్లే మందు. అల్యూమినియమో, మెగ్నీషియమో మండుతుంటే నీళ్లు పోయడం ఆజ్యం పోయడమే. నీరు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది, కరిగిన లోహం నలువైపులా చిమ్ముతుంది. రెండూ కలిసిన సంచి మండుతుంటే దేన్ని చూసి ఏ మందు వేస్తారు?

లోహపు మంటకు డీ తరగతి సిలిండర్లు ఉంటాయి. వాటిలో ఉప్పు, గ్రాఫైట్, రాగి పొడి లాంటివి వాడతారు. మామూలు ఏబీసీ పౌడర్ సిలిండర్ ఇందుకు పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మరీ చెడ్డది. మండే మెగ్నీషియం ఆ వాయువులోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుని మండుతూనే ఉంటుంది. పైగా వాయువు వేగానికి పొడి పైకి లేస్తుంది.

డీ తరగతి సిలిండర్ లేకపోతే, గ్రైండర్ నుంచి రెండడుగుల దూరంలో మూత ఉన్న బకెట్‌లో బాగా ఎండిన ఇసుకను, పొడవాటి పిడి ఉన్న చిన్న పారను ఉంచండి. ఇసుకను విసరకండి. మంట అంచునుంచి లోపలికి మెల్లగా జారవిడుస్తూ కప్పండి. కప్పాక కెలకవద్దు, పైన గట్టి పెచ్చు కట్టినా లోపల గంటల తరబడి వేడి ఉంటుంది. ఇసుక చెమ్మగా ఉంటే ఆవిరై చిమ్ముతుంది, కాబట్టి వర్షాకాలంలో బకెట్ తెరిచి చూసుకుంటూ ఉండండి.

ఇదంతా పిడికెడు మంటకే. చేటెడు దాటితే ఆర్పే ప్రయత్నం వద్దు. బయటికి వచ్చి తలుపు మూసి, ఫోన్ చేసి, మండుతున్నది లోహపు పొడి అని మొదటి మాటగా చెప్పండి. చెప్పకపోతే వచ్చినవాళ్లు నీళ్లు కొడతారు.

పేలుడు సంగతి సరే, పీల్చితే ఏమవుతుంది?

ఇందులోనూ మిశ్రమమే అసలు చిక్కు, ఎందుకంటే లోహం పేరు చూసి దానిలో ఏముందో చెప్పలేం. లేతు మీద సులువుగా కోతకు వచ్చేలా చేసే ఇత్తడిలో సుమారు 3 శాతం వరకు సీసం ఉండవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, చాలా రకాల్లో నికెల్ కూడా. బాగా వేడి చేసినప్పుడు, ముఖ్యంగా వెల్డింగ్‌లో, ఆ క్రోమియం క్యాన్సర్ కలిగించే రూపంలోకి మారుతుంది. రవ్వలు రాని పనిముట్లు కొన్ని బెరీలియం కలిసిన రాగితో చేస్తారు. ఆ పొడి పీల్చిన కొందరికి ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల జబ్బు బయటపడుతుంది. అలాంటి పనిముట్టును ఇంట్లో సానపట్టకండి.

కార్బైడ్ మొనలున్న కోత పనిముట్లను నీళ్లు వాడకుండా సానపట్టేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. వాటిలో టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్ట్ కలిసి ఉంటాయి. ఈ రెండూ కలిసినప్పుడు ఊపిరితిత్తులకు జరిగే హాని, విడివిడిగా ఉన్నప్పటికంటే ఎక్కువ.

జింకు పూత ఉన్న ఇనుమును వేడి చేస్తే తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. ఫ్లూ అనుకుంటారు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, కానీ ఊపిరి ఆడకపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ఏ లోహం మీద పనిచేశారో డాక్టరుకు చెప్పాలి. గ్రైండర్ ట్రేలో జింకు రజను ఉండగా అది రాజుకున్నా ఇదే పొగ.

ఏ మాస్కు వాడాలి?

గుడ్డ మాస్కు, శస్త్రచికిత్స మాస్కు చాలవు. మామూలు లోహపు ధూళికి ముఖానికి బాగా అతుక్కునే ఎన్-95 కనీసం కావాలి. సీసం, క్రోమియం అనుమానం ఉంటే పీ-100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. ఈ ధూళి ఫిల్టర్లు రెసిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం), థిన్నర్ ఆవిరిని ఆపవు, వాటికి వేరే కార్ట్రిడ్జ్ ఉంటుంది. పని ఆపిన వెంటనే మాస్కు తీసేయకండి, సన్నటి ధూళి చాలాసేపు గాల్లోనే ఉంటుంది.

కంట్లో రజను పడితే?

నలపకండి, శుభ్రమైన నీటితో కడగండి, పోకపోతే ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇనుప రేణువు కనుగుడ్డు మీద ఉండిపోతే చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది. ఎప్పుడైనా ఎమ్మారై స్కాన్ తీయాల్సి వస్తే, లోహం పని చేస్తానని, ఒకప్పుడు కంట్లో రజను పడిందని ముందే చెప్పండి. లోపల ఇనుప ముక్క మిగిలి ఉంటే ఆ అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది.

రెసిన్‌లో కలిపి బొమ్మలు పోయడానికి కంచు, రాగి, అల్యూమినియం పొడులు కొన్నాను. అవి ప్రమాదమా?

గ్రైండర్ పొడికంటే ఇవే ఎక్కువ జాగ్రత్త కోరతాయి. ఇవి శుద్ధమైనవి, ఒకే సైజువి, చాలా సన్నవి. మెరుపు కోసం చేసే అల్యూమినియం పొడి పలచటి రేకుల్లా ఉండి, చిన్న గాలికే లేస్తుంది.

ఫ్యాను ఆపండి, స్టవ్, హీటర్, సిగరెట్ దగ్గర లేకుండా చూసుకోండి. డబ్బా నుంచి కుమ్మరించకుండా చిన్న చెంచాతో తీసి రెసిన్ ఉపరితలానికి దగ్గరగా వదిలి, మెల్లగా కలపండి. ఒకసారి రెసిన్‌లో తడిశాక పొడి లేవదు, ఆ భయం తీరుతుంది. కానీ గట్టిపడిన బొమ్మను సాండ్‌పేపర్‌తో రుద్దేటప్పుడు మళ్లీ మొదలవుతుంది, అప్పుడు మాస్కు తప్పనిసరి. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఎక్కువ మొత్తంలో ఒకే గిన్నెలో కలిపితే దానికదే బాగా వేడెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోండి. మిగిలిన రెండు రంగుల పొడుల్ని ఒకే సీసాలో పోసి దాచకండి. మీ దగ్గర దొరికేవాటిలో ముతక రకమే ఎంచుకోండి, చూపులో పెద్ద తేడా రాదు.

పొడులు కలిపి రవ్వలు, రంగు మంటలు వచ్చేలా చేయవచ్చా? ఇంట్లో బాల్ మిల్లుతో (గుండ్లు వేసి తిప్పి పొడి చేసే డబ్బాతో) పొడి తయారుచేసుకోవచ్చా?

వద్దు. దీనికి కొలతలు, పద్ధతులు నేను చెప్పను. మిల్లులో పొడి అవుతున్నంతసేపు కొత్త ఉపరితలం పుడుతూ ఉంటుంది, లోపలి ఆక్సిజన్ అయిపోతుంది. మూత తీయగానే గాలి తగిలి చేతుల్లోనే అంటుకోవచ్చు. మిశ్రమం తయారుచేస్తూ వేళ్లు, కళ్లు పోగొట్టుకున్న కుర్రవాళ్లలో చాలామంది ఇంకా ఏమీ అంటించలేదు, కలుపుతూ ఉన్నారంతే.

అయస్కాంతంతో ఇనుప రజను వేరు చేస్తే మిగతాది భద్రమే కదా?

కాదు. సన్నటి అల్యూమినియం ఇనుప రజనుకు అంటుకుని దానితోపాటే వస్తుంది. చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీల్‌ను అయస్కాంతం పట్టదు. పైగా తుప్పును అయస్కాంతం సరిగ్గా లాగదు, అంటే మీరు వేరు చేయాలనుకున్న జోడీయే వెనక మిగిలిపోతుంది. కలిశాక వేరు చేయడంకంటే కలవకుండా చూడడమే సులువు.

స్టెయిన్‌లెస్ వస్తువు మీద తుప్పు చుక్కలు వస్తున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. మామూలు ఇనుము రుద్దిన బ్రష్షు, డిస్కుతో స్టెయిన్‌లెస్‌ను రుద్దారు. అంటుకున్న ఇనుప రేణువులు తుప్పు పట్టాయి. స్టెయిన్‌లెస్‌కు వేరే బ్రష్షు పెట్టుకోండి. పొడులు కలుస్తున్నాయని మీ వర్క్‌షాపు మీకు చెబుతున్న తొలి గుర్తు కూడా ఇదే కావచ్చు.

ఎంత పొడి పేరుకుంటే శుభ్రం చేయాలి? తీసిన పొడి ఏం చేయాలి?

పరిశ్రమల్లో మార్గదర్శకంగా వాడే ఒక కొలత సుమారు 0.8 మిల్లీమీటరు మందం. మీరు అంతవరకు ఆగనక్కర్లేదు. లోహం మారినప్పుడల్లా ట్రే ఖాళీ చేయండి, ఇదొక్కటే అలవాటు చేసుకున్నా సగం ప్రమాదం పోతుంది. పని ముగిశాక వెంటనే వెళ్లిపోకుండా ఓ అరగంట అక్కడే చిన్న పనులు చేసుకుంటూ ట్రే మీద కన్నేసి ఉంచండి.

లోహానికొక డబ్బా, లోహపు డబ్బా, పేరు రాసి, కొద్ది కొద్దిగా, ఇంటి గోడకు దూరంగా, వానకు తడవని చోట. నూనె గుడ్డలు వాటిలో వేయకండి, కొన్ని నూనెలు ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. ముతక తురుమును పాత లోహాలు కొనేవాళ్లు తీసుకుంటారు. సన్నటి పొడిని మామూలు చెత్తలో వేయకండి, చెత్త లారీలో అది దేనితో కలుస్తుందో మీ చేతిలో ఉండదు. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే మీ స్థానిక విభాగాన్ని అడగండి.

ఇంట్లో పిల్లలున్నారు. ఇంకేం చూసుకోవాలి?

పని బట్టలతో ఇంట్లోకి రాకండి, పిల్లల్ని ఎత్తుకోకండి. బట్టలు విడిగా ఉతకండి, భోజనానికి ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. పిల్లల రక్తంలో ఇంతవరకు సీసం ఉన్నా ఫర్వాలేదు అనే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇత్తడి, పాత రంగులు, టంకం మీద తరచూ పనిచేసేవాళ్లు తమకూ, పిల్లలకూ సీసం రక్తపరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది.

పాత షెడ్డులో పేరు లేని పొడి డబ్బాలు దొరికాయి. ఎలా తెలుసుకోవాలి?

నిప్పు చూపించి, నీళ్లు పోసి, వాసన చూసి పరీక్షించకండి. మూత బిగుసుకుని ఉంటే సుత్తితో కొట్టకండి, మెలిపెట్టకండి. మూత అంచుల్లో పొడి చిక్కుకుని ఉంటే ఆ రాపిడే చాలు. ఉన్నచోటే ఉంచి ఫొటో తీయండి, షెడ్డుకు కరెంటు మెయిన్ బయటినుంచి ఆపగలిగితే ఆపండి, తాళం వేసి అగ్నిమాపక శాఖకు చెప్పండి. అంతకుముందు ఆ షెడ్డులో ఎవరు ఏ పని చేసేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే.